కెనడా ఉప్పు కాదు, మన బోరు ఉప్పు

కెనడాలో టొయోటా రావ్4 హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారూ ఉండే కారు) కొన్నవాళ్ల గొడవ కార్ల సంగతులు చదివేవాళ్లకి కొత్త కాదు. 2019 నుంచి వచ్చిన ఆ మోడల్లో వెనక చక్రాలకి విడిగా మోటారు ఉంటుంది. దానికి వెళ్లే హైవోల్టేజ్ కేబుల్ కనెక్టరు బండి అడుగున, చక్రాలు చిమ్మే నీళ్లు తగిలే చోట ఉంది. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కరిగి అందులో చేరి, కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లికని తినేసింది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక, వర్క్‌షాపులో వేల డాలర్ల ఎస్టిమేటు. గొడవ పెద్దదయ్యాక కంపెనీ ఆ కేబుల్‌కి వారంటీ పొడిగించింది.

ఆ కబురు మన దగ్గరికి వచ్చేసరికి రెండు రకాల మాటలైంది. "మనకి మంచు పడదు, రోడ్ల మీద ఉప్పు చల్లరు, అది వాళ్ల బాధ" అని కొందరు. "గోదారి జిల్లాల్లో హైబ్రిడ్ ఏంటండీ, వరదొస్తే కారు మొత్తం షాకు కొట్టేస్తుంది" అని ఇంకొందరు. నాకు రెండూ సరైనవిగా తోచలేదు. డెల్టాలో ఈ కనెక్టర్లకి అసలు శత్రువు వరద కాదు. ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా అంటుకునే ఉప్పు. అందులోనూ ఎక్కువ భాగం మనం డబ్బిచ్చి కొట్టించుకునే ఉప్పు. ఇక్కడ ఉప్పు అనుకోని ఆపదేమీ కాదు కాబట్టి, బ్రేకు ప్యాడ్లు చూసినట్టే ఈ కనెక్టర్లనీ ప్రతి సర్వీసులో చూడాలి, చూసినట్టు జాబ్‌కార్డులో రాయాలి అన్నది నా వాదన.

వరద భయం గురించి

ముందు ఇది తేల్చేద్దాం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లోకి వచ్చినవి ఎర్రనీళ్లు. ఒండ్రు కలిసిన మంచినీళ్లే తప్ప ఉప్పునీళ్లు కావు. పైగా గోదారి వరద చెప్పకుండా రాదు. భద్రాచలం దగ్గర మట్టం చూసుకుని ముందే కార్లు ఏటిగట్టు ఎక్కించేస్తారు.

సరిగ్గా బిగించి ఉన్న కొత్త హైవోల్టేజ్ కనెక్టరు సాధారణంగా ఐపీ67 పరీక్ష నెగ్గి వస్తుంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోకూడదు. వరదలో మూడు రోజులు మునిగిన బండికి ఆ హామీ వర్తించదు, నిజమే. అలాంటి బండిని స్టార్ట్ చేయకూడదు, టో చేయించి చూపించాలి. అయితే షాకు సంగతి వేరు. హైబ్రిడ్లో హైవోల్టేజ్ వైర్లు రెండూ బాడీకి సంబంధం లేకుండా ఉంటాయి. ఇన్సులేషన్ తగ్గుతోందా అని బండి తనంతట తానే కనిపెడుతూ ఉంటుంది. కరెంటు బాడీలోకి పాకడం మొదలైతే మనకి తెలిసేలోపే బండి కంప్యూటర్లో ఆ లోపం తాలూకు కోడ్ నమోదవుతుంది. నీళ్లలో నిలబడ్డ హైబ్రిడ్ పక్కన నడిచినంత మాత్రాన ప్రాణం పోతుందనేది పుకారే. ఉప్పెనలో ముంచెత్తే సముద్రపు నీళ్లకి మాత్రం ఈ ధీమా పనికిరాదు.

ఉప్పు వచ్చే దారులు

ఉప్పాడ బీచ్ రోడ్డులో అలలు తారు మీదకే వస్తాయి, దాని గురించి చెప్పేదేముంది. అంతర్వేది, పేరుపాలెం వైపు తిరిగే బళ్లకి గాలిలోనే ఉప్పు ఉంటుంది. నరసాపురం దగ్గర గోదారి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి దిగే కారు, ర్యాంపు మీద పోటు నీళ్లు తొక్కుకుంటూ పైకి వస్తుంది. భీమవరం, మొగల్తూరు చుట్టూ రొయ్యల చెరువుల మధ్య గట్ల మీద తిరిగే బండికి చెరువులో గాలి కలిపే ఏరేటర్లు చిమ్మే తుంపర తగులుతుంది. ముందు వెళ్లే రొయ్యల లోడు లారీ నుంచి కారే ఐసు నీళ్లు మన బండి అడుగున పడతాయి.

ఇవన్నీ కలిపినా బోరు నీళ్ల ముందు తక్కువే అంటాను. సముద్రం వైపు మండలాల్లో బోరు వేస్తే ఉప్పు తగలడం అందరికీ తెలుసు. అందుకే తాగడానికి కాలవ నీళ్లతో నింపిన మంచినీళ్ల చెరువులే దిక్కు. వాటర్ సర్వీసింగ్ సెంటర్లకి మాత్రం ఏడాదంతా ఆ బోరే ఆధారం. వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో ఇంకా ఘోరం. చెరువు నీళ్ల పీపీటీ, అంటే వెయ్యి వంతుల్లో ఉప్పెంతో, రోజూ చూసుకునే రైతు, తన పాతిక లక్షల కారు అడుగున కొట్టే నీళ్లలో ఎంత ఉప్పుందో ఒక్కసారీ చూడడు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు ఆయన షెడ్డులోనే ఉంటుంది!

ఉప్పు అంటుకున్నాక ఇక్కడ అది ఆరదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమని లాక్కుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం తేమ చాలు. మన దగ్గర చాలా రాత్రులు గాలిలో తేమ 75 పైనే ఉంటుంది. అంటే పగలు ఎండకి కాస్త ఎండినట్టు కనబడే అడుగు భాగం, రాత్రి షెడ్డులో నిలబడి ఉండగానే మళ్లీ ఉప్పునీళ్ల పొర కప్పుకుంటుంది. కెనడా చలిలో తుప్పు నిదానంగా నడుస్తుంది. రసాయన చర్యలు పది డిగ్రీలకి సుమారు రెట్టింపవుతాయన్న మోటు లెక్క పెట్టుకున్నా, మన 35 డిగ్రీల దగ్గర అదే ఉప్పు ఎంత వేగంగా పని చేస్తుందో ఊహించుకోవచ్చు.

కనెక్టరు లోపల

హైవోల్టేజ్ కేబుల్‌కి ఉండే నారింజ రంగు తొడుగు లోపల ఏముందో తెలిస్తే ఏది ఎందుకు పాడవుతుందో అర్థమవుతుంది. మధ్యలో కరెంటు మోసే తీగ, దాని మీద ఇన్సులేషన్, దాని చుట్టూ సన్నని లోహపు అల్లిక. బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు రేపే రేడియో అలజడి బయటికి పోకుండా ఆపే షీల్డు అదే. మామూలుగా ఇది తగరం పూత పూసిన రాగి. కేబుల్ చివర ఈ అల్లికని ఒక రింగుతో అదిమి (దీన్నే క్రింపు అంటారు) కనెక్టరు షెల్‌కి, అంటే పై డొల్లకి, కలుపుతారు. షెల్ చాలాసార్లు పోత అల్యూమినియం. దాన్ని పట్టి ఉంచే బోల్టులు ఉక్కువి. లోపల పిన్నుల మీద వెండి పూత గానీ తగరం పూత గానీ ఉంటుంది. నీరు రాకుండా రబ్బరు సీళ్లు.

ఇన్ని రకాల లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట ఉప్పునీళ్లు పడితే అది చిన్న బ్యాటరీ అయి కూర్చుంటుంది. ప్రామాణిక పొటెన్షియల్ పట్టికలో అల్యూమినియం మైనస్ 1.66 వోల్టుల దగ్గర, రాగి ప్లస్ 0.34 దగ్గర ఉంటాయి. గాలికి ఏర్పడే ఆక్సైడ్ పొర అల్యూమినియాన్ని చాలావరకు కాపాడుతుంది గానీ, ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకే చిల్లులు పెడుతుంది. అక్కడినుంచి అల్యూమినియం తెల్లటి పిండిలా రాలుతుంది. ఆ పిండి అది పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి సీలు కూర్చునే గాడిలో చేరి రబ్బరుని పైకి లేపుతుంది. సీలు లేచాక నీళ్లకి దారి దొరికినట్టే. తగరం పూత గీసుకుపోయిన చోట రాగికి చిలుము పడుతుంది.

నీళ్లు లోపలికి పోవడానికి ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గంటసేపు నడిచి వచ్చిన బండిలో కనెక్టరు వేడెక్కి ఉంటుంది, లోపలి గాలి కూడా. అదే వేడి మీద ర్యాంపు ఎక్కించి చల్లటి నీళ్లు కొడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుంటుంది. ఆ పీల్పుకి సీలు అంచున నిలిచిన నీటిబొట్టు లోపలికి జారుతుంది. ఒకసారికి ఏమీ కాదు. నెలకి రెండుసార్లు, అయిదేళ్లు ఇలాగే జరిగితే లోపల ఉప్పు మిగులుతుంది, ఎందుకంటే లోపలికి వెళ్లిన నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఎక్కడికీ పోదు.

ఫలితం మూడు రకాలుగా బయటపడుతుంది. షీల్డు అల్లిక తెగిపోతే దాని ఎర్త్ పోయి సెన్సార్లలో అలజడి మొదలవుతుంది. తడి ఉప్పు పిన్నుకీ షెల్‌కీ మధ్య వంతెన కడితే ఇన్సులేషన్ పడిపోతుంది. పిన్నుల మీదకే తుప్పు వస్తే వేడి పుడుతుంది: 100 ఆంపియర్లు పోయే చోట ఒక్క మిల్లీఓము అడ్డం వస్తే 10 వాట్లు, అయిదు మిల్లీఓములైతే 50 వాట్లు, అదీ గుప్పెడంత ప్లాస్టిక్ లోపల. వీటికి తోడు ఇంటర్‌లాక్ అని సన్నటి పిన్నుల జత ఒకటి ఉంటుంది. కనెక్టరు సరిగ్గా బిగించి ఉందో లేదో బండికి చెప్పేది అదే. చాలా తక్కువ కరెంటు పోయే పిన్నులు కాబట్టి కాస్త చిలుముకే అవి మొరాయిస్తాయి, కనెక్టరు ఊడిపోయిందనుకుని బండి 'రెడీ'కి రాదు, అంటే కదలదు.

"మన బళ్లకి వెనక మోటారు లేదుగా"

ఇది గట్టి అభ్యంతరమే, ఒప్పుకోవాలి. ఇక్కడ రోడ్ల మీద ఎక్కువగా కనబడే హైబ్రిడ్లు, అంటే హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ, అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. రావ్4లో పాడైన ఆ వెనక కనెక్టరే వీటిలో లేదు. కాబట్టి కెనడా కథ ఇక్కడ అచ్చంగా అలాగే జరుగుతుందని చెప్పడం భయపెట్టడమే.

అలాగని బండి అడుగున నారింజ తీగలే లేవనుకోకూడదు. హైరైడర్లో 177.6 వోల్టుల బ్యాటరీ డిక్కీలో ఉంది, ఇంజను ముందుంది. సిటీలోనూ బ్యాటరీ వెనకే. కరెంటు వెనక నుంచి ముందుకి రావాలంటే కేబుల్ ఫ్లోరు కింద నుంచే రావాలి. కేబుల్‌కి గొట్టం, కవర్లు ఉంటాయి, కనెక్టర్లు చాలావరకు ఎత్తులోనే ఉంటాయి, అది మేలే. కానీ ఏసీ కంప్రెసర్ సంగతి చూడండి. అది కరెంటు కంప్రెసర్, దానికీ హైవోల్టేజ్ కనెక్టరే. ఇంజను ముందు, కిందుగా, ముందు బండి చిమ్మే నీళ్లు తగిలే చోట ఉంటుంది. డెల్టాలో నా అనుమానం మొదట దాని మీదకే పోతుంది. ఆ తర్వాత షీల్డు, షెల్ ఎర్త్ బోల్టుల మీదకి.

ఇంకో సంగతి, పుస్తకాల్లో ఉండనిది. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, వరిగడ్డి పరుస్తారు. దాని మీదుగా వెళ్లిన బండి అడుగు కవర్ల పైన గడ్డి పోగుపడుతుంది. తడిసిన గడ్డి, దానిమీద ఉప్పు, పక్కనే కేబుల్ క్లిప్పు. సైలెన్సర్ దగ్గర గడ్డికి నిప్పంటుకుంటుందనే భయంతోనైనా చాలామంది దాన్ని తీయించడం మంచిదవుతోంది. ఎలుకల గురించి వేరే చెప్పాలా? అవి కొరికిన తొడుగు మీద ఏ సీలూ పని చేయదు.

వాటర్ సర్వీసింగ్ దగ్గర

ఉప్పునీళ్లతో అడుగు కడిగించడం కంటే కడిగించకపోవడమే నయమా అని ఎవరైనా అడిగితే, నీళ్లు మరీ ఉప్పుగా ఉంటే అవును అంటాను. బురద ఒక్కటే తుప్పు తేదు. బురద కింద ఉప్పు తేమ ఉంటే తెస్తుంది.

నీళ్లలో కరిగిన లవణాలెంతో చూపే టీడీఎస్ మీటరు, కొన్ని వందల రూపాయలకి దొరికేది, చాలు. సెంటరు పైపు నీళ్లు గ్లాసులో పట్టి ముంచి చూడండి. 500 లోపు వస్తే నిశ్చింత. మన తాగునీటి ప్రమాణంలో కోరదగిన పరిమితి అదే. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా తాగునీటికి ఒప్పుకుంటారు, అడుగు కడగడానికీ అదే గీత పెట్టుకోవచ్చు. అది దాటితే బురద వదలగొట్టడానికి ఆ నీళ్లు వాడినా, ఆఖరున రెండు మూడు బకెట్ల మునిసిపల్ పంపు నీళ్లో కాలవ నీళ్లో పోయించాలి. ఆఖరి నీళ్లలో ఏముంటే అదే బండి మీద మిగులుతుంది.

రెండోది ప్రెషరు. మంచి కనెక్టర్లకి ఐపీ6కే9కే అనే పరీక్ష కూడా ఉంటుంది: 80 డిగ్రీల వేడినీళ్లు, 80 నుంచి 100 బార్ ఒత్తిడి, 10–15 సెంటీమీటర్ల దూరం, ఒక్కో కోణం నుంచి 30 సెకన్లు. ఇది విని ధైర్యం తెచ్చుకోవద్దు. ఆ పరీక్ష కొత్త కనెక్టరుకి, శుభ్రమైన నీళ్లతో. అయిదేళ్లు మన ఎండలో గట్టిపడిన రబ్బరుకి ఎవరూ ఆ పరీక్ష పెట్టరు. గన్ను రెండడుగుల దూరంలో ఉంచమనండి. నారింజ రంగు కనబడిన చోట నేరుగా కొట్టొద్దనండి. బండి వచ్చాక అరగంట బానెట్ ఎత్తి చల్లారనిచ్చాకే నీళ్లు కొట్టమనండి.

మూడోది అన్నిటికంటే చెడ్డ అలవాటు. కడగడం అయ్యాక అడుగున డీజిలో, వాడేసిన ఆయిలో స్ప్రే కొడతారు, తుప్పు రాకుండా అని. లారీ ఛాసిస్‌కి అది ఎంతో కొంత పని చేసి ఉండొచ్చు. హైబ్రిడ్ సీళ్లలో కొన్ని ఈపీడీఎం అనే రకం రబ్బరువి, పెట్రోలియం నూనె తగిలితే అవి ఉబ్బి మెత్తబడతాయి. కొన్ని సిలికోన్ రబ్బరువి, వాటికి సిలికోన్ గ్రీజే పడదు. అందుకే ఏదో ఒక గ్రీజు తెచ్చి కనెక్టరుకి పూయడం కూడా పొరపాటే. అండర్‌బాడీ కోటింగ్ చేయించేవాళ్లు ముందుగా ప్రతి నారింజ కనెక్టరుకీ, ప్రతి ఎర్త్ బోల్టుకీ, కవర్లకి ఉండే నీళ్లు కారే రంధ్రాలకీ టేపు వేయించాలి. రంధ్రం మూసుకుపోతే కవరు గిన్నెలా నీళ్లు పట్టి ఉంచుతుంది.

వర్క్‌షాపులో ఏం అడగాలి

ఈ జబ్బు ఒకపట్టాన దొరకదు. వానాకాలం ఉదయం హెచ్చరిక వెలుగుతుంది. మధ్యాహ్నానికి ఎండ పడి లోపల ఆరితే పోతుంది. బండి వర్క్‌షాపుకి చేరేసరికి అంతా బాగానే ఉంటుంది. "కోడ్ ఎరేజ్ చేశామండి, మళ్లీ వస్తే తీసుకురండి" అని పంపేస్తారు. అక్కడే పని చెడుతుంది. ఎరేజ్ చేసేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా, అంటే లోపం వచ్చిన క్షణంలో బండి నమోదు చేసుకున్న వివరాలు, ప్రింటు తీయించుకోవాలి. టొయోటా హైబ్రిడ్లలో ఇన్సులేషన్ తగ్గితే వచ్చే కోడ్ పి0ఏఏ6. పాత మోడళ్లలో దాని వెంట వచ్చే ఉపకోడ్ లోపం ఏ ప్రాంతంలో ఉందో చెబుతుంది: 611 అయితే ఏసీ కంప్రెసర్ వైపు, 612 బ్యాటరీ వైపు, 613 ట్రాన్సాక్సిల్ (మోటార్లు, గేర్లు ఉండే పెట్టె) వైపు, 614 ఇన్వర్టరు డీసీ వైపు. ఉత్త 526 మాత్రమే ఉంటే ఇంకా చోటు తేలలేదని. ఇంటర్‌లాక్ కోడ్ పి0ఏ0డి. ఈ అంకెలు రాసిన కాగితం చేతిలో ఉంటే రెండోసారి వెళ్లినప్పుడు మెకానిక్ మొదటినుంచి వెతకక్కర్లేదు.

ఇన్సులేషన్ ఎంత ఉండాలి? కరెంటు బళ్ల భద్రతకి పెట్టిన ఐరాస 100వ నిబంధన ప్రకారం డీసీ భాగానికి వోల్టుకి కనీసం 100 ఓములు, ఏసీ (ఎయిర్ కండిషనర్ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) భాగానికి 500. 177.6 వోల్టుల బ్యాటరీకి కఠినమైన లెక్క వేసినా సుమారు 89 వేల ఓములు. ఇది ఆఖరి గీత. ఆరోగ్యంగా ఉన్న బండిలో మెగాఓముల్లో ఉండాలి. అందుకే "లిమిట్ లోపలే ఉందండి" అనే జవాబుతో సరిపెట్టుకోకుండా అంకె అడగాలి. పోయిన ఏడాది ఎంత, ఈ ఏడాది ఎంత అని చూస్తే తేడా తెలుస్తుంది.

ఇది ఇంటి దగ్గర చేసే పని మాత్రం కాదు. సొంతదారు చేయగలిగింది టార్చి వేసి కింద చూడటం వరకే. నారింజ తొడుగు చివర తెల్లటి పిండి, ఆకుపచ్చ మరక, బోల్టు చుట్టూ ఎర్రతుప్పు కనబడితే ఫొటో తీసి పెట్టుకోవాలి, చేయి పెట్టకూడదు. విప్పాల్సింది శిక్షణ ఉన్నవాళ్లు. బండి ఆపి తాళం దూరంగా పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసి, 1000 వోల్టుల గ్లవ్స్ గాలి ఊది చిల్లుల్లేవని చూసుకుని వేసుకుని, హైవోల్టేజ్ బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకుని, ఇన్వర్టరులోని కెపాసిటర్లు ఖాళీ కావడానికి కనీసం 10 నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా అని చూశాకే కనెక్టరు ముట్టుకోవాలి. రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల స్టార్టరు బాక్సులు విప్పే చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్లకి ఉప్పు తుప్పు గురించి ఎంత తెలిసినా, ఈ పని వాళ్ల చేత చేయించకండి. అక్కడ మెయిన్ ఆపితే కరెంటు పోతుంది, ఇక్కడ ఆపాక కూడా కాసేపు ఉంటుంది.

కేబుల్ కోసి అతుకు వేయడమూ కుదరదు. షీల్డు, క్రింపు, సీలు మూడూ ఫ్యాక్టరీలో చేసినట్టు వర్క్‌షాపులో రావు. కాబట్టి మొత్తం హార్నెస్, అంటే కనెక్టర్లతో సహా కేబుల్ అంతా, మార్చాలని కంపెనీ అంటే అది దోపిడీ అని నేను అనను. దోపిడీ అనిపించేది డిజైను. తుప్పు పట్టేది చివర జానెడు ముక్కకి, మార్చాల్సింది మీటర్ల కేబుల్. నీళ్లు తగిలే చోట చిన్న ముక్క విడిగా ఊడివచ్చేలా పెట్టడం ఇంజనీర్లకి చేతకానిది కాదు. అదనంగా ఒక జాయింటు అంటే అదనంగా ఒక బలహీనత అని వాళ్లు అంటారు, అందులో నిజముంది. అలాంటప్పుడు ఆ జాయింటు లేనందుకు అయ్యే ఖర్చు కొన్నవాడి మీద మోపకూడదు.

వారంటీ పుస్తకం ఏమంటుంది

బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అని షోరూములో గొప్పగా చెబుతారు. ఆ బ్యాటరీ నుంచి బయటికి వచ్చే కేబుల్ ఆ లెక్కలోకి వస్తుందా, మామూలు వారంటీతోనే ఆగిపోతుందా? డెలివరీకి ముందే ఈ ప్రశ్న మెయిల్లో అడిగి జవాబు మెయిల్లోనే తీసుకోవాలి. చాలా వారంటీ పుస్తకాల్లో వాతావరణం వల్ల, ఉప్పు వల్ల కలిగే నష్టం వర్తించదనే వాక్యం ఒకటి ఉంటుంది. ఇన్సూరెన్సు వైపు వెళ్తే, మామూలు ప్యాకేజీ పాలసీ అరుగుదలనీ, మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌నీ మినహాయిస్తుంది. అంటే వరదలో ఒక్కరోజులో పోతే క్లెయిముకి దారి ఉంది, ఉప్పుకి అయిదేళ్లలో పోతే లేదు.

కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో బండి అమ్మేవాడికి ఇక్కడి గాలి సంగతి తెలియదా? తెలిసి అమ్మినప్పుడు ఉప్పుని 'అసాధారణ వాతావరణం' అనడం చెల్లదు. బోరు నీళ్లతో కడిగించింది సొంతదారే కదా అని కంపెనీ అడగొచ్చు. అడగనివ్వండి, ఆ ఉప్పులో ఎక్కువ భాగం మనం డబ్బిచ్చి కొట్టించుకునేదేనని పైన నేనే అన్నాను. కానీ ఓనర్ మాన్యువల్లో ఈ నీళ్లతో కడగొద్దని ఒక్క ముక్క రాయకుండా ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకి లేదు. తీర ప్రాంత డీలర్లకి ఏడాదికోసారి అడుగు కవర్లు విప్పి నారింజ కనెక్టర్లు, షీల్డు ఎర్త్‌లు చూసే పని షెడ్యూల్లో పెడితే, లిఫ్టు మీద ఉన్న బండికి మహా అయితే అరగంట లేబరు.

షెడ్యూల్లో అది వచ్చేదాకా సొంతదారే అడగాలి. జాబ్‌కార్డు రాసేటప్పుడు ఇలా రాయించండి: అడుగు కవర్లు విప్పి హైవోల్టేజ్ కనెక్టర్లు, ఏసీ కంప్రెసర్ కనెక్టరుతో సహా, కళ్లతో చూసి ఫొటోలు ఇవ్వాలి, ఇన్సులేషన్ రీడింగ్ అంకెల్లో రాయాలి, షెల్‌కీ బాడీకీ మధ్య రెసిస్టెన్స్ కొలిచి రాయాలి, అది 0.1 ఓము లోపు ఉండాలి. సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ చూస్తున్నవాళ్లయితే అడ్వాన్సు ఇచ్చేముందే ఈ మూడూ అడగండి. కొత్తగా అండర్‌బాడీ కోటింగ్ కొట్టి నల్లగా మెరుస్తున్న బండి అయితే, కవర్లు విప్పించకుండా కొనొద్దు.